ఆడది, ఆడదు: లేడీ సూపర్‌హీరోల బాక్సాఫీస్ లెక్క

2014 ఆగస్టులో సూపర్‌హీరో కామిక్స్ కంపెనీ మార్వెల్ ఎంటర్‌టైన్‌మెంట్ సీఈఓ ఐజాక్ పెర్ల్‌మటర్, సోనీ పిక్చర్స్ అధిపతి మైకేల్ లింటన్‌కి ఒక ఈమెయిల్ పెట్టాడు. ఫోన్‌లో అనుకున్నాం కదా, ఇవిగో కొన్ని ఉదాహరణలు, ఇంకా ఉన్నాయి అంటూ మూడు సినిమాల పేర్లు రాశాడు. ఎలెక్ట్రా: చెత్త ఐడియా, ఫలితం కూడా అలాగే వచ్చింది. క్యాట్‌వుమన్: డిజాస్టర్. సూపర్‌గర్ల్: ఇదీ డిజాస్టరే. మెయిల్ సబ్జెక్టు 'ఆడవాళ్ళ సినిమాలు'. ఎలెక్ట్రా తన కంపెనీ పాత్రే అయినా ఆ పేరు స్పెల్లింగ్ కూడా సరిగ్గా రాయలేదు. ఆ ఏడాది చివర్లో సోనీ కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయి. 2015లో ఆ మెయిళ్ళన్నీ బయటపడ్డాయి కాబట్టి ఇది లోకానికి తెలిసింది.

ఆ మెయిల్ చదువుతుంటే నాకు అమెరికా కోటీశ్వరుడు కనిపించలేదు. మన ఫిల్మ్‌నగర్‌లో కూర్చుని టీ తాగుతూ 'లేడీ ఓరియెంటెడా? ఆడదండీ' అని తేల్చేసే బయ్యర్ కనిపించాడు. తెలుగులో 'ఆడది' అన్న మాటలో గుడి తీసి కొమ్ము పెడితే 'ఆడదు' అవుతుంది. ట్రేడ్ దగ్గర ఉన్న సిద్ధాంతం కూడా అంతకు మించి పెద్దదేం కాదు. కాకపోతే ఆ సిద్ధాంతానికి కొన్ని లెక్కలున్నాయి, ఆ లెక్కలు పైకి నిజంగానే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ముందు ఆ మూడు సినిమాల సంగతి చూద్దాం. సూపర్‌గర్ల్ 1984లో వచ్చింది. అమెరికాలో 1.4 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. అప్పటికే సూపర్‌మ్యాన్ సిరీస్ దిగజారుతోంది. మూడో భాగం ముందు ఏడాది చప్పగా పోయింది, 1987లో నాలుగో భాగం మరీ ఘోరం. మునుగుతున్న పడవలో చివర ఎక్కిన పిల్లని చూపించి 'ఈమె బరువుకే మునిగింది' అన్నట్టుంది ఆ వాదన. క్యాట్‌వుమన్ 2004లో సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారై ప్రపంచమంతా కలిపి 8.2 కోట్లు తెచ్చింది. అందులో బ్యాట్‌మ్యాన్ లేడు, గోథమ్ నగరం లేదు, కామిక్స్‌లో క్యాట్‌వుమన్ అసలు పేరైన సెలీనా కైల్ కూడా లేదు. ముఖానికి రాసుకునే క్రీమ్ చుట్టూ తిరిగే కథ. హాలీ బెర్రీ ఆ ఏడాది చెత్త నటి అవార్డు తీసుకోడానికి స్వయంగా స్టేజీ ఎక్కింది, చేతిలో తన ఆస్కార్ పట్టుకుని మరీ. నా మటుకు నాకు ఆ సినిమా కన్నా ఆ ప్రసంగమే ఎక్కువ సూపర్‌హీరో సరుకు. ఇక ఎలెక్ట్రా, 2005. అంతంతమాత్రంగా ఆడిన డేర్‌డెవిల్‌లో చచ్చిపోయిన పాత్రని మళ్ళీ బతికించి తీసిన సినిమా, 5.7 కోట్ల డాలర్లు తెచ్చింది.

మూడూ పోయాయి, నిజమే. మరి మగ హీరోలవి పోలేదా? 1997లో బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్ ఎంత పరువు తీసిందంటే ఆ సిరీసే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత క్రిస్టఫర్ నోలన్‌ని పిలిచి మళ్ళీ మొదలుపెట్టారు. 2011లో గ్రీన్ లాంటర్న్ దాదాపు 20 కోట్ల డాలర్ల బడ్జెట్ మీద 22 కోట్లు వసూలు చేసింది. థియేటర్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు తీసేస్తే అది పెద్ద నష్టం. అందులో హీరో రయన్ రేనాల్డ్స్ ఐదేళ్ళు తిరక్కుండా డెడ్‌పూల్‌గా వచ్చి అందరి అప్పూ తీర్చాడు. అప్పుడు ఎవరూ 'మగాళ్ళ సినిమాలు' అని సబ్జెక్టు పెట్టి మెయిల్ రాయలేదు. స్క్రిప్టు బాగాలేదన్నారు, గ్రాఫిక్స్ బాగాలేవన్నారు, డైరెక్టర్ చెడగొట్టాడన్నారు. మగ హీరో సినిమా పోతే తప్పు వంద చోట్ల వెతుకుతారు. ఆమె సినిమా పోతే ఒక్క చోటే వెతుకుతారు. సూపర్‌గర్ల్ తర్వాత, మార్వెల్‌కి పోటీ కంపెనీ అయిన డీసీ కామిక్స్ హీరోయిన్ పేరు మీద మళ్ళీ పెద్ద సినిమా రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. వచ్చింది కాస్తా క్యాట్‌వుమన్.

ఇదంతా పక్షపాతం అని ఒక్క మాటలో తోసేస్తే సగమే అర్థమవుతుంది. మిగతా సగం బొమ్మల వ్యాపారంలో ఉంది. హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాకి టికెట్టు డబ్బు ఒక ఆదాయం. లంచ్ బాక్సులు, టీషర్టులు, ప్లాస్టిక్ బొమ్మలు ఇంకో ఆదాయం. పెర్ల్‌మటర్ మార్వెల్‌లోకి వచ్చిందే బొమ్మల వ్యాపారం నుంచి. షాపులో మగపిల్లల వరస వేరు, ఆడపిల్లల గులాబీ రంగు వరస వేరు. సూపర్‌హీరో బొమ్మ మొదటి వరసలో ఉంటుంది. ఆ వరసకి వచ్చే పిల్లాడు ఆడ బొమ్మ కొనడని అక్కడ గట్టి నమ్మకం. ఐరన్ మ్యాన్ 3 తొలి స్క్రిప్టులో విలన్ ఒక ఆడమనిషి అనీ, బొమ్మ అమ్ముడుపోదని పైనుంచి మాట రావడంతో మగవాడిగా మార్చాల్సి వచ్చిందనీ దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో చెప్పాడు. హీరో సంగతి దేవుడెరుగు, విలన్‌గా కూడా పనికి రాలేదన్నమాట.

దీనికన్నా నన్ను ఎక్కువ కదిలించింది 2015 నాటి ఒక బొమ్మ. అవెంజర్స్ రెండో భాగంలో ఆ సూపర్‌హీరోల జట్టులోని బ్లాక్ విడో అనే ఆవిడ విమానం పొట్టలోంచి మోటార్ సైకిల్ మీద రోడ్డు మీదకి దూకే సీన్ ఉంది. ఆ సినిమాలో ఆమెకి దక్కిన మంచి షాట్ అదే. ఆ సీన్‌తో బొమ్మల సెట్ వచ్చింది. విమానం ఉంది, మోటార్ సైకిల్ ఉంది, బండి మీద మాత్రం కెప్టెన్ అమెరికా కూర్చున్నాడు. సినిమా చూసొచ్చిన పిల్ల తను కళ్ళారా చూసింది నిజమా, పెట్టెలో ఉన్నది నిజమా అని తలగోక్కోవాల్సిందే. ఆ తర్వాత 'బ్లాక్ విడో బొమ్మలు అమ్ముడుపోవు' అని లెక్క చూపిస్తారు. షెల్ఫులో లేని సరుకు ఎలా అమ్ముడుపోతుంది?

ఈ కథ 2015లో మొదలైంది కాదు. వండర్ వుమన్ 1941 చివర్లో పుట్టింది. పుట్టించింది విలియం మార్స్టన్ అనే సైకాలజిస్టు. అబద్ధాన్ని రక్తపోటుతో పట్టుకునే పరీక్ష మీద పని చేసిన మనిషి. వండర్ వుమన్ చేతిలోని తాడు ఎవరికి చుట్టినా నిజం కక్కిస్తుందంటే ఆ ఆలోచన ఎక్కడిదో తెలుస్తూనే ఉంది. ఆమె చేతి కడియాలు మాత్రం ఆలివ్ బర్న్ అనే ఆమెవి. భార్య ఎలిజబెత్, ఆలివ్ ఇద్దరితోనూ మార్స్టన్ ఒకే ఇంట్లో కాపురం చేశాడు. ఆ గొడవలోకి ఇప్పుడు వద్దు. 1942లో కామిక్స్‌లో వండర్ వుమన్‌ని మగ హీరోల సంఘంలో చేర్చుకున్నారు. చేర్చుకుని ఇచ్చిన ఉద్యోగం సెక్రటరీ! గుద్దితే ట్యాంకులు పగలగొట్టగల మనిషి మీటింగ్ మినిట్స్ రాసుకునేది. 1968కి వచ్చేసరికి శక్తులన్నీ తీసేసి బట్టల బొటిక్ పెట్టించారు. నాలుగేళ్ళ తర్వాత, 1972 జూలైలో, గ్లోరియా స్టైనమ్ వాళ్ళు తమ స్త్రీవాద పత్రిక 'మిజ్' కవర్ మీద పాత డ్రెస్సు, పాత శక్తులు ఉన్న వండర్ వుమన్‌నే నిలబెట్టి 'వండర్ వుమన్‌ని ప్రెసిడెంట్ చేయండి' అని రాశారు.

సినిమా వెనకాడిన చోట టీవీ ముందుకెళ్ళింది. 1975 నుంచి 1979 దాకా లిండా కార్టర్ వండర్ వుమన్‌గా అమెరికా ఇళ్ళల్లో గిర్రున తిరిగింది. తిరుగుతూ డ్రెస్సు మారే ఆ టెక్నిక్ ఆమె ఇచ్చిన ఐడియానే. టీవీకి ఆ ధైర్యం ఎక్కడిదంటే, లెక్క వేరు. సినిమా శుక్రవారం పడిపోతే సోమవారానికి కథ ముగిసినట్టే. సీరియల్‌కి వారం వారం మనుషుల్ని కూర్చోబెట్టే టైముంది. పైగా సబ్బులూ సరుకులూ అమ్ముకునే వాళ్ళకి ఆడవాళ్ళు చూడటమే కావాలి. తర్వాత రక్తపిశాచాల్ని వేటాడే అమ్మాయి కథ బఫీ వచ్చింది, 2015లో ఒకే ఏడాది సూపర్‌గర్ల్, జెస్సికా జోన్స్ రెండూ వచ్చాయి. వీటిల్లో జెస్సికా జోన్స్ గురించి ఆగి చెప్పాలి.

జెస్సికాకి మామూలు మనుషులకి లేని బలం ఉంది, తాగుబోతు, నోటి దురుసు, న్యూయార్క్‌లో డిటెక్టివ్ పని చేసుకుంటూ బతుకుతుంది. విలన్ కిల్‌గ్రేవ్‌కి కండలు లేవు, ఆయుధాలు లేవు. అతను ఏం చెబితే ఎదుటివాళ్ళు అది చేస్తారు, అంతే. ఒకప్పుడు జెస్సికాని అలాగే తన దగ్గర ఉంచుకున్నాడు, నవ్వమంటే నవ్వించాడు. కారు ఎత్తగల మనిషికి కాదనే హక్కు లేకుండా పోయింది. ఇష్టం లేకుండా ఒకరి ఇష్టప్రకారం బతకడం అంటే ఏమిటో, బయటపడ్డాక కూడా రాత్రిళ్ళు ఎలా ఉంటాయో ఏ కోర్టు డ్రామా కన్నా గట్టిగా చెప్పింది ఆ సీజన్. చివరి ఎపిసోడ్‌లో (పదేళ్ళయింది, చెప్పేసినా తప్పులేదు) అతని దవడ పట్టుకుని పైకెత్తి ఒకే ఒక్క మాట అంటుంది: 'నవ్వు.' మెడ విరుగుతుంది. ఈ కథలో హీరో మగవాడైతే సగం బలం పోతుంది. ఆడ సూపర్‌హీరో ఎందుకు కావాలంటే నేను చెప్పే జవాబు ఇదే. మగ హీరోకి చీర కట్టి వదలడం కాదు, ఆమెకి మాత్రమే జరిగే కథ ఒకటి ఉండాలి.

2022లో వచ్చిన షీ-హల్క్‌కి కూడా మొదటి ఎపిసోడ్‌లో అలాంటి ఒక నిమిషం దొరికింది. కోపం వస్తే ఆకుపచ్చ హల్క్‌గా మారిపోయే బ్రూస్ బ్యానర్ తన కజిన్ జెన్నిఫర్‌కి కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పాలని చూస్తాడు. తనకి అది నేర్చుకోడానికి ఏళ్ళు పట్టింది మరి. ఆవిడ లాయర్. రోడ్డు మీద ఎవడో కూత కూసినప్పుడు, తనకి బాగా తెలిసిన విషయాన్నే తక్కువ తెలిసిన మగాడు తనకి విడమర్చి చెప్పినప్పుడు, నేను చేసేది అదే కదా, నీకన్నా నాకే బాగా వచ్చు అంటుంది. మిగతా సిరీస్ అక్కడక్కడా జారిపోయింది గానీ, ఆ డైలాగ్ రాసిన వాళ్ళకి దండం పెట్టొచ్చు. ఆఫీసులో పనిచేసే ఏ అమ్మాయినైనా అడగండి, శిక్షణ ఎప్పుడు పూర్తయిందో చెబుతుంది.

పెద్ద తెర మీద తాళం తీసింది 2017 నాటి వండర్ వుమన్. దర్శకురాలు ప్యాటీ జెంకిన్స్ అంతకు ముందు తీసిన సినిమా 2003లో వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్ళు. ఈ సినిమాలో అందరికీ గుర్తుండేది ఒక కందకం సీన్. మొదటి ప్రపంచ యుద్ధం, బెల్జియం. బురద కందకంలో సైనికులు ముడుచుకుని ఉంటారు. బిడ్డనెత్తుకున్న ఒక తల్లి డయానా (వండర్ వుమన్ అసలు పేరు) చెయ్యి పట్టుకుని అవతల ఊరి వాళ్ళ గోడు చెబుతుంది. వెంట ఉన్న స్టీవ్, అది ఏ మగాడూ దాటలేని నేల, ఈ దళం ఏడాదిగా ఇక్కడే ఉంది, అంగుళం కదల్లేదు అంటాడు. అందరినీ కాపాడలేం అంటాడు. ఆమె వెనక్కి తిరిగి జుట్టు విప్పి, తలకి పట్టీ పెట్టుకుంటుంది. ముందు నిచ్చెన మీద బూటు, తర్వాత డాలు. పైనున్న కోటు జారిపోతుంది. మొదటి తూటా కడియానికి తగిలి పక్కకి పోతుంది. నడక పరుగవుతుంది. మెషిన్ గన్లన్నీ ఆమె మీదకే తిరిగాక డాలు వెనక ఒంటి మోకాలి మీద కూర్చుంటుంది. అప్పుడు కందకంలోని మగాళ్ళు పైకెక్కుతారు.

తెలుగు ప్రేక్షకుడికి ఈ సీన్ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇది పక్కా ఎలివేషన్. పాదం, చెయ్యి, చివర్లో ముఖం: మన ఇంట్రడక్షన్ సీన్ల వ్యాకరణమే. విచిత్రం ఏమిటంటే ఈ సీన్ ఎందుకో జెంకిన్స్ టీమ్‌లోనే కొందరికి అర్థం కాలేదట. ఎదురుగా విలన్ లేడు కదా, ఎన్ని తూటాలని ఆపుతుంది అన్నారట. ఇది ఫైట్ కాదు, ఆమె హీరోగా మారే క్షణం అని ఆవిడ వాళ్ళకి నచ్చజెప్పాల్సి వచ్చింది. సినిమా 82 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది.

మార్వెల్ మాత్రం అంతకు కొన్నేళ్ళ ముందు నుంచీ నానుస్తూ వచ్చింది. బ్లాక్ పాంథర్, కెప్టెన్ మార్వెల్ సినిమాలకి అడ్డు తగలొద్దని పెర్ల్‌మటర్‌కి తాను ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చిందని మార్వెల్ యజమాని డిస్నీకి అప్పటి అధిపతి బాబ్ ఐగర్ తన పుస్తకంలో రాసుకున్నాడు. కెప్టెన్ మార్వెల్ 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు వచ్చింది. రిలీజుకి ముందే నెగెటివ్ కామెంట్ల వాన ఎంత కురిసిందంటే రివ్యూల సైట్ రాటెన్ టొమాటోస్ వాళ్ళు రిలీజుకి ముందు వ్యాఖ్యలు రాసే వీలే తీసేశారు. సినిమా 113 కోట్ల డాలర్లు దాటింది. నిజం చెప్పాలంటే నాకది అంతగా ఎక్కలేదు. హీరోయిన్‌కి తప్పు చేసే అవకాశమే ఇవ్వలేదు రచయితలు, ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌కి ఇచ్చిన పొగరులో పాతిక వంతు కూడా లేదు. ఆడ పాత్రకి లోపం పెడితే ఎవరేమంటారో అన్న టెన్షన్ స్క్రీన్‌ప్లేలో తెలిసిపోతుంది. అయితే ఆ వసూళ్ళని ట్రేడ్ ఎలా చదివిందో చూడండి. అవెంజర్స్ ఎండ్‌గేమ్‌కి నెలన్నర ముందు వచ్చింది కాబట్టి ఆడిందన్నారు. హిట్టయితే సీజన్ ఖాతాలో, ఫ్లాపయితే ఆమె ఖాతాలో.

ఆ రెండో ఖాతా 2023 నవంబరులో నిండింది. ద మార్వెల్స్ ప్రపంచమంతా కలిపి 20.6 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. మార్వెల్ స్టూడియోస్ చరిత్రలో అంత తక్కువ ఏ సినిమాకీ రాలేదు. ఇక చూడండి, ఆడవాళ్ళ సూపర్‌హీరో శకం అయిపోయిందని ఒకటే రాతలు. రిలీజు ముందు రోజు దాకా హాలీవుడ్ నటీనటుల సమ్మె నడిచింది కాబట్టి అప్పటిదాకా ముగ్గురు హీరోయిన్లలో ఒక్కరూ ప్రమోషన్‌కి రాలేదు. కథ అర్థం కావాలంటే అంతకు ముందు రెండు వెబ్ సిరీస్‌లు చూసి ఉండాలి. హోంవర్క్ చేసి ఎవరొస్తారు సినిమాకి? అదే ఏడాది మగ హీరోలవీ పోయాయి: షజామ్ రెండో భాగం 13.4 కోట్లకే పడిపోయింది, ద ఫ్లాష్ భారీ బడ్జెట్ మీద 27 కోట్లు తెచ్చుకుంది. ఆ ఏడాది జనానికి మొహం మొత్తింది సూపర్‌హీరోలంటేనే. ఆ మొత్తం జ్వరానికి థర్మామీటర్ ఒక్క సినిమా నోట్లోనే పెట్టారు.

ఇక్కడ రెండో పక్షానికి కూడా ఒక మాట. ఆడ దర్శకురాలు వస్తే అన్నీ సర్దుకుంటాయనే వాదన కూడా నిలబడదు. జెస్సికా జోన్స్ మొదటి రెండు ఎపిసోడ్లు తీసి ఆ లోకానికి రంగు రుచి ఇచ్చిన ఎస్.జె. క్లార్క్‌సనే 2024లో మేడమ్ వెబ్ తీసింది. అది ఎంత నవ్వులపాలైందో చెప్పక్కర్లేదు. మనిషి ఒకరే, చేతికొచ్చిన స్క్రిప్టు వేరు. అసలు ప్రేక్షకుడి దాకా రాని సినిమా కూడా ఉంది. సుమారు 9 కోట్ల డాలర్లు పెట్టి షూటింగ్ పూర్తి చేసిన బ్యాట్‌గర్ల్‌ని 2022 ఆగస్టులో కంపెనీ అటకెక్కించింది. నష్టం రాసుకుంటే పన్ను మిగులుతుంది కదా.

మన దగ్గరికొద్దాం. సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1935లో, బొంబాయిలో హంటర్‌వాలీ వచ్చింది. పగలు రాకుమారి, రాత్రి ముసుగేసుకుని కొరడా పట్టే వీరనారి. చేసింది ఆస్ట్రేలియాలో పుట్టిన నాడియా, ఫైట్లన్నీ సొంతంగా. అంటే ముసుగు హీరోయిన్ మనకి అరువు సరుకేం కాదు. తెలుగులో 1990లో కర్తవ్యంతో విజయశాంతి జాతీయ అవార్డు కొట్టింది, మాస్ ఆడియన్స్ ఈలలు వేశారు. 1995లో అమ్మోరు, 2009లో అరుంధతి గ్రాఫిక్స్‌తో ఊపేశాయి. ఆడది ఆడదన్న మాటకి ఇన్ని జవాబులు మన దగ్గరే ఉన్నాయి. మరి మనకి లేడీ సూపర్‌హీరో ఎందుకు లేదు?

నాకు తోచింది ఇది. మన తెర ఆడమనిషికి శక్తిని అప్పుగా ఇస్తుంది, పని అవగానే తిరిగి తీసేసుకుంటుంది. అమ్మోరులో శక్తి అమ్మవారిది, భక్తురాలిది మొక్కడమే. కర్తవ్యంలో శక్తి ఖాకీది. అరుంధతిలో జేజమ్మ తన ఎముకలే ఆయుధం కావాలని చచ్చిపోతుంది, దాన్ని వాడటానికి ఇంకో జన్మ ఎత్తాలి. క్లైమాక్స్ తర్వాత ఆమె ఏం చేస్తుందో మనకి అక్కర్లేదు. సూపర్‌హీరోకి కావాల్సింది సరిగ్గా అదే. విలన్ చచ్చాక కూడా శక్తి ఆమె దగ్గరే ఉండాలి, మర్నాడు అద్దె ఇంటికెళ్ళి అన్నం వండుకోవాలి, రెండో భాగంలో మళ్ళీ రావాలి. దీనికి తోడు డబ్బు. మన ఓపెనింగ్స్ హీరో అభిమాన సంఘాల మీద నడుస్తాయి. ఆమెకి బెనిఫిట్ షోలు లేవు, కటౌట్ కట్టేవాళ్ళు లేరు, కాబట్టి బడ్జెట్ చిన్నది. సూపర్‌హీరో సినిమా మరి గ్రాఫిక్స్ లేకుండా కుదరదు.

ఈ ముడి మలయాళం వాళ్ళు విప్పారు. 2025 ఆగస్టు 28న లోక మొదటి భాగం వచ్చింది. దర్శకుడు డొమినిక్ అరుణ్, నిర్మాత దుల్కర్ సల్మాన్, హీరోయిన్ 2017లో హలోతో తెలుగులోనే పరిచయమైన కల్యాణీ ప్రియదర్శన్. తెలుగులో కొత్త లోక పేరుతో డబ్బింగ్ అయింది. ట్రేడ్ లెక్కల్లో ఖర్చు 30 కోట్ల రూపాయల చిల్లర, గ్రాస్ 300 కోట్లు దాటింది. మలయాళంలో అప్పటిదాకా ఏ మగ స్టార్ సినిమాకీ రాని అంకె అది.

అంకె కన్నా నాకు నచ్చింది వాళ్ళు ఎత్తుకున్న కథ. కేరళలో కళ్ళియంకాట్టు నీలి అనే యక్షి కథ చిన్నపిల్లలకి కూడా తెలుసు. చీకటి దారిలో తెల్లచీరతో నిలబడి, తాంబూలంలోకి కాస్త సున్నం ఉందా అని అడుగుతుంది యక్షి. ఆగిన మగాడు తెల్లారేసరికి ఉండడు. చివరికి కడమట్టత్తు కత్తనార్ అనే మంత్రగాడు నీలిని లొంగదీసి ఊరిని కాపాడతాడు. అందులో హీరో కత్తనారే. లోక అదే కథని ఆమె వైపు నుంచి చెప్పింది. నీలి రాజు మనుషుల చేతిలో తన వాళ్ళని పోగొట్టుకున్న గిరిజన పిల్ల. కత్తనార్ ఆమెని కట్టేయడు, తోడుంటాడు. ఆ పిల్లే ఇప్పుడు చంద్ర అన్న పేరుతో బెంగళూరులో ఫ్లాట్ తీసుకుని, రాత్రిపూట కేఫ్‌లో పని చేసుకుంటోంది. ఎదురింటి కుర్రాడు ఆమెని చూసి తడబడుతుంటాడు, తనే కాపాడతానని మాత్రం అనుకోడు. విలన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆడవాళ్ళంటే పడని ఒక ఇన్‌స్పెక్టర్. సినిమా అయ్యాక కూడా చంద్ర ఉంది, శక్తి ఆమె దగ్గరే ఉంది, సిరీస్ కొనసాగుతుందని చెప్పి మరీ వదిలారు.

మన ఊళ్ళల్లో ఇలాంటి కథలకి కరువా? ప్రతి ఊరి చివరా ఒక పేరంటాలు ఉంది, ఏ చెరువు గట్టు మీదో చచ్చి దేవతైన ఆడపిల్ల ఉంది. ఏడాదికోసారి పసుపూ కుంకుమా పెట్టి, చీర సారె ఇచ్చి, మళ్ళీ గుడి తలుపులు వేసేస్తాం. ఆ పిల్ల అసలెందుకు చచ్చిపోయిందో అడగం. హనుమాన్ తీసిన ప్రశాంత్ వర్మ తన సినిమాటిక్ యూనివర్స్‌లో పూజా అపర్ణ కొల్లూరు దర్శకత్వంలో ఒక లేడీ సూపర్‌హీరో సినిమా ప్రకటించాడు. పేరు మహాకాళి. మళ్ళీ అమ్మవారే.